పెరటి కోళ్లు ఉన్నట్టుండి గుడ్లు మానేస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

నిన్నటిదాకా గంపలో చెయ్యి పెడితే నాలుగైదు గుడ్లు వెచ్చగా తగిలేవి. ఇవాళ ఖాళీ. రేపు చూద్దాం అనుకుంటాం, రేపూ ఖాళీయే. కోళ్లు పెంచే ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. వెంటనే మందుల కోసం పరిగెత్తాలనిపిస్తుంది. కానీ నా అనుభవంలో పదిసార్లలో ఎనిమిదిసార్లు అసలు సంగతి నీళ్ల తొట్టిలోనో, గూటి చీకట్లోనో, కోడి ఈకల కిందో దొరికింది. అందుకే ఈ ప్రశ్నలకు జవాబులు ఇంట్లో చూసుకోగలిగిన వరుసలోనే రాశాను.

అసలు కోళ్లు గుడ్లు మానేశాయని ఖాయంగా ఎలా తెలుస్తుంది?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. గుడ్లు పెట్టకపోవడం వేరు, పెట్టినవి మనకు దొరక్కపోవడం వేరు. బయట తిరిగే కోడి మన గంప నచ్చకపోతే తన చోటు తనే వెతుక్కుంటుంది. ఒకసారి మా ఎర్ర పెట్ట మూడు వారాలు ఒక్క గుడ్డూ ఇవ్వలేదు. తిండి మార్చాను, టానిక్ పోశాను. చివరికి కట్టెల మోపు జరుపుతుంటే దాని వెనక ఎండుటాకుల మధ్య పదిహేడు గుడ్లు కనిపించాయి, ఎవరో పేర్చినట్టు. ఆ పెట్ట అసలు మానలేదు, వెతకడం చేతకానిది నాకే.

దీనికి తేలికైన పరీక్ష ఉంది. రెండు మూడు రోజులపాటు కోళ్లను మధ్యాహ్నం దాకా గూట్లోంచి వదలకండి. లోపల మేత, నీళ్లు, గాలి ఉండేలా చూడండి. ఎక్కువ కోళ్లు పొద్దున్న పూటే పెడతాయి కాబట్టి గుడ్డు ఉంటే గూట్లోనే పడుతుంది. మూడు రోజులు కట్టేసినా ఒక్కటీ రాలేదంటే అప్పుడు నిజంగా మానేశాయనుకోవచ్చు.

దొంగలు కూడా ఉంటారు. పాము గుడ్డును మొత్తంగా మింగుతుంది, పెంకు ముక్క కూడా మిగల్చదు. ఎలుకలు, ముంగిసలు, కాకులు పెంకులో పసుపో తడో వదిలిపోతాయి. గంపలో గడ్డి తడిగా, జిగటగా ఉంటే అది గుడ్డు పగిలిన గుర్తే.

దాచిన చోట దొరికిన గుడ్లు ఎన్నాళ్లవో తెలియకపోతే నీళ్ల గిన్నెలో వేసి చూడండి. తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది. పాతబడేకొద్దీ లోపలి గాలి గది పెరిగి, నిలబడుతుంది, తర్వాత తేలుతుంది. తేలినదాన్ని పారేయడమే మంచిది.

గుంపులో ఏ పెట్ట పెడుతోంది, ఏది మానేసింది అని కనిపెట్టడం ఎలా?

చేతిలోకి తీసుకుని చూడాలి. రాత్రి పూట, అవి కర్ర మీద నిద్రపోయాక, చిన్న టార్చితో వెళ్లండి. చీకట్లో కోడి పెనుగులాడదు. దాన్ని చంకలో ఇముడ్చుకుని తల వెనక్కి, తోక ముందుకి ఉండేలా పట్టుకోండి.

తోక కింద గుడ్డు వచ్చే ద్వారం చూడండి. గుడ్లు పెడుతున్న పెట్టకు అది వెడల్పుగా, తడిగా, మెత్తగా, కాస్త కోలగా ఉంటుంది. మానేసినదానికి చిన్నగా, గుండ్రంగా, పొడిగా ముడుచుకుని ఉంటుంది. తర్వాత ఆ ద్వారానికి రెండు పక్కలా చర్మం కింద సన్నటి ఎముకల కొసలు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే అది గుడ్లలో ఉన్నట్టు. ఒక్క వేలు కూడా కష్టంగా పడుతుంటే మానేసినట్టు, లేదా ఇంకా మొదలుపెట్టలేదన్నట్టు.

నెత్తి మీది జుట్టు కూడా చెబుతుంది. గుడ్ల మీదున్న పెట్ట జుట్టు ఎర్రగా, నిండుగా, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. మానేసినదానిది పాలిపోయి ముడుచుకుపోతుంది. పసుపు కాళ్లున్న జాతుల్లో ఇంకో గుర్తు ఉంది. గుడ్లు పెట్టేటప్పుడు ఒంట్లోని పసుపు రంగు పచ్చసొనలోకి పోతుంది కాబట్టి ముందు ద్వారం, తర్వాత కంటి చుట్టూ, ఆపైన ముక్కు, చివరికి కాళ్లు తెల్లబడతాయి. మానేశాక అదే వరుసలో రంగు తిరిగొస్తుంది. కాళ్లు బాగా తెల్లగా ఉన్న పెట్ట చాలా నెలలుగా కష్టపడి పెడుతోందని అర్థం. పసుపు కాళ్లతో నిగనిగలాడేది చూడ్డానికి బాగుంటుంది గానీ గుడ్ల లెక్కలో వెనకబడ్డదే.

రోజు విడిచి రోజు పెడుతోంది. ఇది మానేయడం కిందకి వస్తుందా?

రాదు. ఒక గుడ్డు తయారవడానికి దాదాపు 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో పెంకు పేరడానికే సుమారు 20 గంటలు. అందుకే ఇవాళ ఏడింటికి పెట్టిన కోడి రేపు ఎనిమిదింటికో తొమ్మిదింటికో పెడుతుంది. అలా జరిగి జరిగి సాయంత్రానికి చేరేసరికి ఒకరోజు సెలవు తీసుకుని మళ్లీ పొద్దున్న నుంచి మొదలుపెడుతుంది. నాటు కోళ్లయితే పది పదిహేను గుడ్లు వరసగా పెట్టి ఆపేస్తాయి. అది వాటి స్వభావం.

నిన్నా మొన్నా ఏమీ మారలేదే, మరి ఎందుకు ఆగిపోయాయి?

నిన్న కాదు, పది రోజుల కింద ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ఇది. అందరికీ చెప్పాలనిపించేదీ ఇదే.

పెట్ట కడుపులో పచ్చసొనలు ద్రాక్షగుత్తిలా, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా ఉంటాయి. ఒక్కో సొన చిన్న పూస నుంచి పూర్తి సైజుకి పెరగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. మధ్యలో గట్టి దెబ్బ తగిలితే, అంటే నీళ్లు లేకపోవడం, భయం, ఆకలి, జబ్బు లాంటిది ఏదైనా వస్తే, పెరుగుతున్న సొనలు ఆగిపోయి ఒంట్లోనే కరిగిపోతాయి. ఇప్పటికే పెంకు కడుతున్న గుడ్డు మాత్రం బయటికి వస్తుంది. అందుకే కష్టం వచ్చిన రోజు మనకు గుడ్డు దొరుకుతుంది, కష్టం తీరాక గంప ఖాళీగా కనిపిస్తుంది. మనమేమో ఖాళీ కనిపించిన రోజు చుట్టూ వెతుకుతాం.

బాగుపడటం కూడా ఇంతే. ఇవాళ లోపం సరిచేస్తే రేపు గుడ్డు రాదు. కొత్త సొన మొదటి నుంచి పెరగాలి. కనీసం పది రోజులు, మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. ఈ మధ్యలో ఓపిక నశించి రోజుకో మార్పు చేస్తే ఏది పనిచేసిందో మనకే తెలియకుండా పోతుంది, కోడికీ అదో కొత్త ఒత్తిడి.

గోడకి వేలాడే క్యాలెండర్‌లో రోజూ గుడ్ల లెక్క ఒక అంకెగా రాయండి. దానితోపాటు మేత సంచి మార్చిన రోజు, కుక్క తరిమిన రోజు, కొత్త కోడి వచ్చిన రోజు కూడా ఒక్క ముక్కలో రాసి పెట్టుకోండి. జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

నీళ్లు రోజూ పోస్తున్నాం. అయినా నీళ్ల సమస్య ఉండొచ్చా?

ఉండొచ్చు. గుడ్డు లోపలి పదార్థంలో దాదాపు నాలుగింట మూడొంతులు నీళ్లే. ఒక పెట్ట మామూలు రోజుల్లో పావు లీటరు దాకా తాగుతుంది, ఎండల్లో అంతకు రెట్టింపు. ఒక పగలంతా నీళ్లు లేకుండా గడిస్తే చాలు, కొన్ని కోళ్లు వారాల తరబడి మానేస్తాయి.

పోయడం ఒక్కటే కాదు, తాగుతున్నాయా లేదా చూడాలి. తొట్టి ఎండలో ఉంటే మధ్యాహ్నానికి నీళ్లు వేడెక్కి కోళ్లు ముట్టవు. రెట్ట పడినా, అడుగున పాచి పట్టినా అంతే. గుంపులో పెత్తనం చేసే పెట్ట ఒకటి ఉంటుంది, అది తొట్టి దగ్గర కాపలా కాసినట్టు నిలబడి మిగతావాటిని రానివ్వదు. అలాంటప్పుడు రెండు మూడు చోట్ల, ఒకదాని నుంచి ఒకటి కనపడనంత దూరంలో నీళ్లు పెట్టండి. తొట్టి లోపల వేలితో తడిమి చూడండి. జిగురుగా తగిలితే ఇవాళే తోమాలి.

మంచి మేతే వేస్తున్నాం. అదనంగా గింజలు కూడా వేస్తున్నాం. ఇంకేం కావాలి?

ఆ అదనపు గింజలే కారణం కావచ్చు. గుడ్లు పెట్టే పెట్ట రోజుకి 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. గుడ్లు పెట్టే కోళ్ల కోసమే కలిపే లేయర్ మేతలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు, సుమారు 3.5 నుంచి 4.5 శాతం కాల్షియం ఉండేలా కలుపుతారు. గింజల్లో మాంసకృత్తులు అందులో సగమే ఉంటాయి, కాల్షియం దాదాపు సున్నా. మనం ప్రేమగా గుప్పెడు గుప్పెడు చల్లితే కోడి కడుపు నింపుకుని అసలు మేత వదిలేస్తుంది. పైగా లోపల కొవ్వు పేరుకుంటుంది, దానివల్ల కూడా గుడ్లు తగ్గుతాయి. గింజలు, కూర తుక్కు, మిగిలిన అన్నం అన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకుండా, అదీ సాయంత్రం పూట వెయ్యండి.

కాల్షియం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక్క గుడ్డు పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పెంకు ఎక్కువ భాగం రాత్రి పూట కడుతుంది. తిన్నదాంట్లో సరిపోకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్లు అలా నెట్టుకొచ్చి, పెంకు పల్చబడి, గట్టి పెంకు లేని మెత్తటి తోలు గుడ్లు పెట్టి, చివరికి ఆపేస్తుంది. కాబట్టి తోలు గుడ్డు కనిపించిన రోజే మేల్కోవాలి. ఆల్చిప్పల గుల్ల చిన్న ముక్కలుగా కొట్టి వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మేతలో కలిపేయొద్దు, ఎంత కావాలో పెట్టకు తెలుసు. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులు కూడా పనికొస్తాయి, కడిగి, వేడి చేసి, గుడ్డు అని గుర్తుపట్టలేనంత మెత్తగా నలిపి పెట్టాలి. ఇంకా గుడ్లకు రాని పిల్లలకు మాత్రం లేయర్ మేత పెట్టకండి, అంత కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇంట్లోనే మేత కలుపుకునేవాళ్లు మర్చిపోయేది ఉప్పు. ఒంట్లో సోడియం తగ్గితే తిండి తగ్గుతుంది, గుడ్లు పడిపోతాయి, ఈకలు పీక్కోవడం మొదలవుతుంది. అలాగని చేత్తో ఉజ్జాయింపుగా వెయ్యకూడదు. ఉప్పు ఎక్కువైతే కోళ్లకు విషం. కొలత ప్రకారం కలిపిన ఖనిజ మిశ్రమమే వాడండి.

ఆఖరుగా, మేత సంచిలో ముక్కు పెట్టి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన, గడ్డకట్టడం, బూజు ఉంటే ఆ సంచి ఎంత ఖరీదైనదైనా వాడొద్దు. బూజు విషం కాలేయం మీద పనిచేస్తుంది.

పగలు చిన్నవైతే గుడ్లు ఎందుకు తగ్గుతాయి?

కోడి వెలుగును కళ్లతోనే కాదు, పుర్రె గుండా దిగే కాంతితో మెదడులో కూడా పసిగడుతుంది. పగలు పెరుగుతుంటే పిల్లల్ని పెంచే కాలం వస్తోందని, తగ్గుతుంటే ఆ కాలం పోతోందని దాని ఒళ్లు లెక్క వేసుకుంటుంది. నిండుగా గుడ్లు పెట్టడానికి రోజుకి 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. భూమధ్యరేఖకు దూరంగా ఉండేవాళ్లకు చలికాలంలో గుడ్లు పూర్తిగా ఆగిపోవడానికి ఇదే పెద్ద కారణం. భూమధ్యరేఖ దగ్గర పగటి తేడా తక్కువ కాబట్టి దెబ్బ కూడా తక్కువ. కానీ గూడు చీకటిగా ఉన్నా, మబ్బు రోజుల్లో కోళ్లను లోపలే ఉంచినా ఫలితం దాదాపు అదే.

బల్బు పెట్టాలనుకుంటే తెల్లవారుజామున వెలిగేలా పెట్టండి. సాయంత్రం వెలుగు ఉన్నట్టుండి ఆరితే కోళ్లు కర్ర ఎక్కలేక చీకట్లో తడబడతాయి. వారానికి అరగంట చొప్పున పెంచండి. కోడి నిలబడే ఎత్తులో పేపర్ చదవగలిగినంత వెలుగు చాలు. రాత్రంతా వెలిగించకండి, వాటికీ చీకటి నిద్ర కావాలి. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపేస్తే అసలుకే మోసం, ఒక్కసారిగా ఈకలు రాల్చేస్తాయి. గూట్లో ఎండుగడ్డి, దుమ్ము ఉంటాయి కాబట్టి తీగలు, హోల్డర్ గట్టిగా బిగించండి.

నా వరకు నేను బల్బు పెట్టను. నాలుగు కోళ్ల ఇంట్లో ఆ రెండు నెలల విశ్రాంతి వాటికి దక్కనివ్వడమే నాకు న్యాయం అనిపిస్తుంది.

ఈకలు గుట్టలుగా రాలుతున్నాయి, గుడ్లు లేవు. జబ్బా?

చాలామటుకు కాదు. ఏడాది దాటిన కోళ్లు ఏటా పాత ఈకలు వదిలి కొత్తవి తొడుక్కుంటాయి. ముందు తల, మెడ, తర్వాత రొమ్ము, వీపు, ఆపైన రెక్కలు, తోక. ఈకలో దాదాపు 85 శాతం మాంసకృత్తే. ఒంట్లోకి వచ్చిందంతా ఈకలకే పోతుంటే గుడ్డుకి మిగలదు. రెండు మూడు నెలలు పడుతుంది, కొన్నింటికి నాలుగు.

రాలిన చోట చర్మం మీద వేలితో మెల్లగా రాస్తే ముళ్లలాంటి కొత్త ఈక మొలకలు తగులుతాయి. అవి తగిలితే నిశ్చింతగా ఉండండి. ఆ మొలకల్లో రక్తం ఉంటుంది, ముట్టుకుంటే కోడికి నొప్పి, కాబట్టి ఈ రోజుల్లో అనవసరంగా ఎత్తుకోకండి. మాంసకృత్తులు కాస్త ఎక్కువున్న మేత పెట్టండి.

మొలకలు లేకుండా బోడిగా, ఎర్రగా ఉంటే, లేదా ద్వారం చుట్టూ మాత్రమే ఊడితే, అది ఈకల కాలం కాదు. పేలో, తోటి కోళ్లు పొడవడమో అయ్యుంటుంది. వీపు మీద మాత్రమే ఊడితే పుంజు తొక్కడం వల్ల.

గంప దిగడం లేదు, చెయ్యి పెడితే ఉబ్బిపోయి పొడుస్తోంది. ఏమైంది?

పొదుగుకొచ్చింది. ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి, గుడ్లు ఆపి, కూర్చోమంటుంది. పొట్ట కింద ఈకలు తనే పీక్కుంటుంది, రోజుకొక్కసారి దిగి, ఒకేసారి పెద్ద రెట్ట వేసి, గబగబా నాలుగు గింజలు తిని మళ్లీ ఎక్కేస్తుంది.

పిల్లలు కావాలంటే పుంజు కలిసిన గుడ్లు కింద పెట్టి 21 రోజులు వదిలేయండి. అంతకన్నా మంచి ఇంక్యుబేటర్ లేదు. పిల్లల పెంపకం కూడా కలిపి ఆ పెట్ట నుంచి రెండు మూడు నెలలు గుడ్లు ఆశించొద్దు.

పిల్లలు వద్దనుకుంటే పొదుగు మాన్పించాలి. చాలామంది నీళ్ల బకెట్‌లో ముంచుతారు. దయచేసి అలా చెయ్యకండి, తడిసి వణికి జబ్బు పడ్డ పెట్టను నేను చూశాను. అడుగున వైరు మెష్ ఉన్న బోనును ఇటుకల మీద ఎత్తి పెట్టి, గడ్డి లేకుండా, మేత నీళ్లతో దాన్ని అందులో ఉంచండి. పొట్ట కింద గాలి ఆడి చల్లబడితే మూడు నాలుగు రోజుల్లో మనసు మార్చుకుంటుంది. మొదటి రోజే పెడితే త్వరగా దిగుతుంది, వారం కూర్చోనిచ్చాక పెడితే చాలా రోజులు పడుతుంది. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో మళ్లీ గుడ్లకొస్తుంది.

ఎండాకాలం గుడ్లు తగ్గి, పెంకు పల్చబడింది. ఎందుకు?

కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 30 దాటాక నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పెంకుకి కావాల్సిన కార్బొనేట్ తయారయ్యేది దాంతోనే కాబట్టి పెంకు పల్చబడుతుంది. పైగా వేడికి మేత తినదు. నీడ, చల్లటి నీళ్లు, తెల్లవారుజామున, సాయంత్రం మేత, గూటి పైకప్పు మీద తడి గోనె. మధ్యాహ్నం వాటిని పట్టుకుని పరిగెత్తించకండి.

పైకి ఆరోగ్యంగానే ఉన్నాయి, జుట్టు మాత్రం పాలిపోయింది. పేలు అయ్యుంటాయా?

అయ్యుంటాయి, ముఖ్యంగా రెడ్ మైట్ అనే రక్తం పీల్చే చిన్న పురుగు. పగలు కోడిని ఎంత వెతికినా ఇది దొరకదు. కర్ర పగుళ్లలో, మేకుల సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగి వెళ్లిపోతుంది. కోళ్లు సాయంత్రం గూట్లోకి పోవడానికి మొండికేస్తుంటే అనుమానించాలి. రాత్రి తొమ్మిది దాటాక తెల్ల గుడ్డ ముక్క తీసుకుని వాటి కర్ర అడుగుభాగాన్ని గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు పడితే అది మీ కోళ్ల రక్తమే. మా గూట్లో మొదటిసారి ఆ గుడ్డ చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని రాత్రులు అవి ఆ కర్ర మీద నరకం పడ్డాయో అనిపించింది.

కోడికి మందు రాస్తే సరిపోదు, గూటికి వెయ్యాలి. గూట్లోని గడ్డి అంతా తీసి కాల్చేసి, పగుళ్లలోకి మరిగే నీళ్లు పోసి, ఎండబెట్టి, డాక్టర్ చెప్పిన మందు కొట్టి, వారం పది రోజులకు మళ్లీ కొట్టాలి, ఎందుకంటే మొదటిసారి ఆ పురుగు పెట్టిన గుడ్లు చావవు.

ఒంటి మీదే ఉండే పేలయితే ద్వారం చుట్టూ ఈక మొదట్లో తెల్లటి గుడ్ల ముద్దలు కనిపిస్తాయి. పొడి మట్టి, బూడిద కలిపిన గుంట ఒకటి ఎప్పుడూ ఉంటే కోళ్లు అందులో పొర్లి చాలావరకు తామే వదిలించుకుంటాయి.

కడుపులో పురుగులు?

బక్కచిక్కడం, పల్చటి రెట్ట ఉంటే రెట్టను పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించి అప్పుడు మందు వెయ్యండి.

ఏ లక్షణాలుంటే జబ్బు అనుకోవాలి?

ఒక్కటి మానేస్తే ఆ కోడి సంగతి, గుంపంతా రెండు మూడు రోజుల్లో కలిసి మానేస్తే అది మేతా నీళ్లా వెలుగా జబ్బా అన్నది వెంటనే తేలాలి. తుమ్ములు, ముక్కు కారడం, దాంతోపాటు ముడతలు పడ్డ, వంకర గుడ్లు, నీళ్లలాంటి తెల్లసొన వస్తుంటే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ కావచ్చు. కోళ్లు హుషారుగానే ఉండి, పెంకు రంగు వెలిసి, తర్వాత తోలు గుడ్లు వస్తుంటే ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనుమానించాలి, దీన్ని మొదట 1976లో గుర్తించారు. ఆకుపచ్చ రెట్ట, మెడ మెలిపెట్టడం, కాళ్లు పడిపోవడం కొక్కెర తెగులు లక్షణాలు. దానికి టీకా ఉంది, ముందే వేయించాలి.

ఉన్నట్టుండి రెండు మూడు కోళ్లు చచ్చిపోయినా, తల వాచి జుట్టు నీలంగా మారినా చేత్తో ముట్టుకోకండి, కోసుకుని తినకండి, ఎవరికీ అమ్మకండి. బర్డ్ ఫ్లూ కావచ్చు. ఆ రోజే పశువైద్యశాఖకు కబురు పెట్టండి.

కోడి నిలబడి ముక్కుతోంది, గుడ్డు రావట్లేదు. ఏం చెయ్యాలి?

గుడ్డు లోపల ఇరుక్కుంది. తోక కిందికి వాల్చి, ఒళ్లు నిటారుగా పెట్టి, మాటిమాటికీ గంపలోకి వెళ్లొస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో పొట్ట మునిగేలా 15, 20 నిమిషాలు కూర్చోబెట్టండి. తుడిచి, చీకటి గదిలో వెచ్చగా ఉంచండి. పొట్ట నొక్కొద్దు, గుడ్డు లోపల పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. రెండు మూడు గంటల్లో రాకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగకండి.

పుంజు లేకపోతే గుడ్లు ఆగుతాయా?

ఆగవు. పుంజు పిల్లల కోసమే, గుడ్డు కోసం కాదు.

కొత్త కోళ్లను తెచ్చి కలిపాం, అప్పటి నుంచి పాతవి మానేశాయి.

ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది వాటి మధ్య మళ్లీ తేలాలి. ఒకటి రెండు వారాలు సహజం. కొత్తవాటిని ముందు మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచి, జబ్బు లేదని చూసుకుని, తర్వాత వల అడ్డంగా ఒకదానికొకటి కనిపించేలా ఉంచి, ఆపైన కలపాలి. కుక్క తరమడం, గూడు మార్చడం, పక్కనే పెద్ద శబ్దాల పని జరగడం, ఇవన్నీ ఇదే పనిచేస్తాయి.

ఎన్నేళ్ల వరకు పెడతాయి?

హైబ్రిడ్ పెట్టలు 18 నుంచి 22 వారాలకు మొదలుపెడతాయి, నాటువి ఇంకా ఆలస్యం. మొదటి ఏడాదే ఎక్కువ. ఏటా కొంత తగ్గుతూ పోతుంది. అండాశయంలో వేల కణాలుంటాయి కాబట్టి గుడ్లు అయిపోవడం అనేది ఉండదు, వాటిని పెంచి పంపే ఓపిక తగ్గుతుంది అంతే. ఐదారేళ్ల పెట్ట అప్పుడప్పుడు ఒక పెద్ద గుడ్డు పెట్టి అరిచిన అరుపు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

తన గుడ్లు తనే తింటోంది. మాన్పించవచ్చా?

మొదట్లోనే పట్టుకుంటే వీలవుతుంది. ముక్కు మీద ఎండిన పచ్చసొన చూసి దొంగను కనిపెట్టండి. రోజుకి మూడుసార్లు గుడ్లు తియ్యండి, గంపలో గడ్డి దళసరిగా వెయ్యండి, గంప ఉన్న చోటు మసక చీకటిగా ఉంచండి, చెక్క గుడ్డో రాతి గుడ్డో పెట్టండి. దాన్ని పొడిచి పొడిచి విసుగెత్తి వదిలేస్తుంది. ఆల్చిప్ప గుల్ల ఉందో లేదో కూడా చూడండి.

గుడ్లు పెంచే టానిక్కులు, మందులు పనిచేస్తాయా?

విటమిన్ల లోటు నిజంగా ఉంటే పనిచేస్తాయి. నీళ్లు లేక, పేలు పట్టి, పొదుగుకొచ్చి మానేసిన కోడికి అవి చేసేదేమీ లేదు. యాంటీబయాటిక్ మాత్రం సొంతంగా వెయ్యకండి. మందు గుడ్డులోకి వస్తుంది, ఆ గుడ్డు మన పిల్లలు తింటారు. డాక్టర్ రాసినా, గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో అడిగి రాసుకోండి.

మళ్లీ గుడ్లకు వస్తోందని ముందే తెలుస్తుందా?

తెలుస్తుంది. పాలిపోయిన జుట్టులోకి రోజురోజుకీ ఎరుపు ఎక్కుతుంది. మేత ఎక్కువ తింటుంది, గుల్ల గిన్నె దగ్గరికి మళ్లీ వెళుతుంది. గంపల్లోకి తొంగిచూసి, గడ్డి అటూ ఇటూ సర్ది, ఏమీ పెట్టకుండానే దిగి వచ్చేస్తుంది. వీపు మీద చెయ్యి వేయబోతే పారిపోకుండా రెక్కలు కాస్త విప్పి నేలకు ఒదిగి కూర్చుంటుంది. అలా కూర్చున్న రోజు గంపలో గడ్డి మార్చండి. ఇంకొన్ని రోజుల్లో గుడ్డు వస్తుంది.